లేపకండి, కామెడీ నడుస్తోంది

మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద సాయంత్రమైతే కామెడీ రీల్స్ తీసే పిల్లలున్నారు. ఒకడు ఇంకొకణ్ణి చెంప మీద కొడతాడు, కొట్టించుకున్నవాడు నీళ్ల ట్యాంకు దాకా ఎగిరి పడతాడు, ఫోన్ పట్టుకున్న అమ్మాయి "ఇంకోసారి" అంటుంది. ఆరేసిన బట్టలు తీసుకోవడానికి నేను పైకి వెళ్తే కాస్త సర్దుకుని నిలబడతారు. మెట్టుగూడలో సగంమందికి నేను టీవీ ఆంటీని. రిటైరై ఇన్నేళ్లయినా ఆ పేరు పోలేదు.

మొన్న ఆ అమ్మాయే అడిగింది. "ఆంటీ, మీ టైమ్‌ల కామెడీ ఎట్లుండేది? జెర చెప్పుండ్రి. మాకు వ్యూస్ వస్తలేవు."

చెప్పడం మొదలుపెట్టాను. నేను మాట మొదలుపెడితే ఆగను కదా, కింద పొయ్యి మీద వంకాయ కూర మాడి బొగ్గయింది. అయినా సగమే చెప్పగలిగాను. మిగతా సగం కోసం ఇది రాస్తున్నాను. ఆ పిల్లలతోపాటు మీరూ చదువుకోండి. వ్యూస్ వస్తాయని మాత్రం నేను హామీ ఇవ్వను.

నేను టీవీ కేంద్రంలో ఫ్లోర్ మేనేజర్‌గా పనిచేశాను. పేరు చూసి మోసపోకండి. ప్రొడ్యూసర్ పైన కంట్రోల్ రూమ్‌లో అద్దం వెనకాల కూర్చుంటాడు. ఆయన మాటలు నా చెవికున్న హెడ్‌ఫోన్‌లో తప్ప కింద స్టూడియోలో ఆర్టిస్టులకు వినపడవు. ఆయన అక్కడ తిట్టేవన్నీ నేనిక్కడ వడగట్టి, చేతి సైగల్లోకి మార్చి ఆర్టిస్టులకు అందించాలి. "ఆ నస ఆపి త్వరగా తెమల్చమను" అని ఆయన చెవిలో అరిస్తే నేను చిరునవ్వుతో వేలు గాలిలో గుండ్రంగా తిప్పాలి. అడకత్తెరలో పోకచెక్క ఉద్యోగం. ఆ సైగలు అలవాటైపోయి ఇంట్లో కూడా మా ఆయన ఫోన్లో ఎక్కువసేపు మాట్లాడితే వేలు తిప్పేదాన్ని.

మా కేంద్రంలో ఆదివారం సాయంత్రం వచ్చే హాస్య కార్యక్రమం ఒకటుండేది. అందులో నటించే ఆయన్ని మేమంతా భాయ్ అనేవాళ్లం. పేరు రాయను, ఆయనకి అది ఇష్టముండేది కాదు. వారమంతా రెజిమెంటల్ బజార్‌లో ఒక చీరల దుకాణంలో సేల్స్‌మన్. తెల్ల పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఆడవాళ్ల ముందు చీర మీద చీర విప్పి పరిచి, వాళ్లు ఏదీ నచ్చలేదని లేచి వెళ్లిపోతే చిరునవ్వుతో అన్నీ మళ్లీ మడతపెట్టడం ఆయన పని. సెలవు రోజున మా దగ్గర రికార్డింగ్.

ఆయన కామెడీలో ఎవరూ ఎవర్నీ కొట్టరు. ముఖం వంకర్లు తిప్పడం లేదు, కనుబొమలు ఎగరెయ్యడం లేదు. ఒక స్కిట్ చెబుతాను వినండి. బావమరిదిని సాగనంపడానికి సికింద్రాబాద్ స్టేషన్‌కి వచ్చాడు. బావమరిది కిటికీ దగ్గర, ఈయన ప్లాట్‌ఫారం మీద. జాగ్రత్తలన్నీ చెప్పేశాడు, నీళ్ల సీసా అందించాడు, చెయ్యి ఊపేశాడు. రైలు కదల్లేదు. ఊపిన చేతిని ఏం చెయ్యాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు. "ఇంకేంది మరి?" అన్నాడు. "ఏమున్నది బావా" అన్నాడు వాడు. మళ్లీ అవే జాగ్రత్తలు. రైలు కదల్లేదు. అంతే స్కిట్. చివరికి ఈయన విసుగెత్తి రైలుని మెల్లిగా చేత్తో తోసి చూస్తాడు. మా నాన్న రైల్వే గార్డు. జీవితమంతా ప్లాట్‌ఫారాలు చూసిన మనిషి. ఆ స్కిట్ చూసి కుర్చీలోంచి లేవలేకపోయాడు, నవ్వి నవ్వి పక్కటెముకలు పట్టేసి.

ఆదివారం మా ఇంట్లో సాయంత్రం కుటుంబ ప్రార్థన ఉండేది. భాయ్ కార్యక్రమం కోసం దాన్ని ముందుకు జరిపారు. ప్రభువుకి అభ్యంతరం ఉండదని మా నాన్నే తీర్మానించాడు. మా అమ్మ మాత్రం ఆమెన్ చెప్పే వేగం పెరిగిందని సణిగేది. కానీ టీవీ ముందు మంచి చోటు ఆవిడదే.

పెళ్లాల మీద జోకులు, నత్తి మీద జోకులు, లావుగా ఉన్నవాళ్ల మీద జోకులు ఆయన దగ్గర ఉండేవి కావు. నవ్వులపాలయ్యేది ఎప్పుడూ తనే. ఎందుకని ఒకసారి అడిగాను.

"కస్టమర్‌ను చూసి మనం నవ్వినమనుకో చెల్లె, మల్ల దుకాణం మెట్టు ఎక్కుతదా? మనల్ని చూసి ఆమె నవ్వింది అనుకో, రేపు చెల్లెను గూడ తోలుకొని వస్తది" అన్నాడు.

ఇలా హాయిగా సాగుతుండగా ఊళ్లోకి కేబుల్ టీవీ వచ్చింది. మేడల మీద గొడుగులు తిరగేసినట్టు డిష్షులు వెలిశాయి. అన్ని ఛానెళ్లలోనూ అరుపులే, నవ్వులే. జనం మమ్మల్ని మరిచిపోతున్నారని పైవాళ్లకి బెంగ పట్టుకుంది. అదే సమయంలో మాకు విజయవాడ వైపు నుంచి కొత్త ప్రొడ్యూసర్ బదిలీ మీద వచ్చాడు. మనిషి చెడ్డవాడు కాదు. మంచివాడే, కాకపోతే తొందర మనిషి. ఆయన సామానుతోపాటు ఒక టేపు తెచ్చాడు. అందులో ఉన్నవన్నీ నవ్వులే. చిన్న నవ్వు, పెద్ద నవ్వు, పగలబడి నవ్వడం, చప్పట్లతో కలిసిన నవ్వు. ఎవరు నవ్వారో, ఎక్కడ నవ్వారో, దేనికి నవ్వారో దేవుడికెరుక.

"ఏమండీ, మీరు డైలాగ్ చెప్పి ఆగుతారు చూడండి, ఆ గ్యాప్‌లో దీన్ని వేసేద్దాం. ఇంట్లోవాళ్లకి ఎక్కడ నవ్వాలో తెలుస్తుంది" అన్నాడు ప్రొడ్యూసర్.

భాయ్ ఆ టేపు మొత్తం శ్రద్ధగా విన్నాడు. విని, "సార్, నేను ఆగేది వాళ్ల నవ్వు కోసమే. ఆ జాగల వేరేటోళ్లను తెచ్చి కూసోబెడితె ఎట్ల?" అన్నాడు.

"పైనుంచి ఒత్తిడి ఉందండీ. నవ్వు వినపడని కామెడీ వద్దంటున్నారు. నేనేం చెయ్యను?"

భాయ్ ఆ టేపు ప్రొడ్యూసర్ చేతిలో పెట్టాడు. "అయితే ఒక పని చేయండి సార్. నిజం మనుషులను తోలుకొని రాండ్రి. వాళ్లు నవ్వితే ఆ నవ్వే పెట్టుండ్రి. వాళ్లు నవ్వకుంటే మీ టేపు పెట్టుండ్రి. నేను అడ్డం రాను. కాని నేనుండను."

అలా ఒప్పందం కుదిరింది. ఒక్క రికార్డింగ్ మీద ఆయన కార్యక్రమం ఉంటుందో పోతుందో తేలిపోవాలి. మంచి మనుషులు ఒట్టేసుకుంటే భయమేస్తుంది, నిలబెట్టుకుంటారు కాబట్టి.

వేరే కార్యక్రమాలకి ప్రేక్షకులంటే మాకు ఎప్పుడూ కాలేజీ పిల్లలే. ప్రొడ్యూసర్ ఒప్పుకోలేదు. "కాలేజీ పిల్లలు సీలింగ్ ఫ్యాన్ చూసినా నవ్వుతారండీ. నాకు మాస్ కావాలి, మాస్" అన్నాడు. మా రవాణా విభాగంలో బోయిన్‌పల్లి మనిషి ఒకడుండేవాడు. అతను బస్సు తీసుకుని నేరుగా కూరగాయల మార్కెట్‌కి వెళ్లి, పొద్దుటి బేరాలు తెమిలాక హమాలీలని, ఉల్లిగడ్డలు ఏరే ఆడవాళ్లని, తోపుడు బండ్లవాళ్లని నింపుకుని వచ్చాడు. టీవీ చూపిస్తామంటే ఎవరు రారు? కొందరు ముఖం కడుక్కుని పౌడర్ కూడా రాసుకుని వచ్చారు.

ఇక్కడే తప్పు జరిగింది. మా స్టూడియోలో పనిచేసేవాళ్లకి తప్ప బయటివాళ్లకి తెలియని రహస్యం ఒకటి ఉంది. కెమెరాలు వేడెక్కకుండా లోపల ఏసీ ఎముకలు కొరికేలా పెడతారు. నడివేసవిలో మేం స్వెట్టర్లు వేసుకుని తిరిగేవాళ్లం. సెట్ మీద లైట్లు, ప్రేక్షకుల వైపు చీకటి. మెత్తటి కుర్చీలు. చప్పుడు లేదు. ఆ చల్లటి చీకట్లో రాత్రి సుబ్బరంగా పడుకున్నవాడికే కళ్లు మూతలు పడతాయి. అందుకే ప్రేక్షకులకి రికార్డింగ్‌కి ముందు టీ తప్ప ఏమీ పెట్టకూడదని, భోజనం తర్వాతేనని మాలో ఒక నియమం. ప్రొడ్యూసర్ కొత్తవాడు. పైగా మనసున్నవాడు. వీళ్లు తెల్లారకముందు నుంచి బస్తాలు మోసి ఆకలితో వచ్చారని తెలిసి, క్యాంటీన్‌లో పప్పు, పెరుగు వేసి కడుపునిండా అన్నం పెట్టించాడు. ఒక్కొక్కరు రెండోసారి కూడా వడ్డించుకున్నారు.

ఆ రోజు స్కిట్ చీరల దుకాణం. భాయ్ సేల్స్‌మన్, స్కూల్ టీచర్‌గా పనిచేసే ఒకావిడ కస్టమర్. దుకాణంలో దొరికే గోలంతా అందులో ఉంది. పెద్ద గొంతుతో బేరం, పోట్లాట, చివరికి చీరలన్నీ మీద పడటం. లైట్లు వెలిగాయి. రికార్డింగ్ టేపు తిరగడం మొదలైంది. మొదలుపెట్టమని పై నుంచి క్యూ రావాలి. ఈలోగా ప్రేక్షకుల చీకట్లోంచి ఒక చప్పుడు వచ్చింది. కర్ర రంపంతో కోస్తున్నట్టు, ఒక తూగుతో.

"ఏంటా సౌండ్? ఎవరి మైకండీ అది?" చెవిలో ప్రొడ్యూసర్.

"మైక్ కాదు సార్" అన్నాను నోటి దగ్గరి మైకులో. "గురక."

తిరిగి చూశాను. ముందు వరసలో ఉల్లిగడ్డల ముసలమ్మ కొంగు భుజాల చుట్టూ లాక్కుని, తల పక్కకి వాల్చి నిద్రపోతోంది. ఆమె పక్కన ఇద్దరు హమాలీలు ఒకరి భుజం మీద ఒకరు. వెనక వరసలన్నీ అంతే. పౌడర్ రాసుకున్న ముఖాలు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి.

"లేపండి! లేపండి వాళ్లని! బొమ్మల్లా చూస్తారేంటి, చప్పట్లు కొట్టండి, లైట్లు వెయ్యండి!" ప్రొడ్యూసర్ గొంతు చెవిలో గింగురుమంది.

లైట్లు వెయ్యమని సైగ చెయ్యడం నా పని. చెయ్యి పైకెత్తాను కూడా. అప్పుడు భాయ్ వైపు చూశాను. ఆయన పరుపు మీద కూర్చుని వాళ్లనే చూస్తున్నాడు. నా చెవిలో ఏం మోగుతోందో ఆయనకి తెలియదు, కానీ నా ముఖం చూసి తెలుసుకున్నాడు. పెదవుల మీద వేలు పెట్టాడు. వద్దన్నట్టు తల ఊపాడు. వాళ్లు లేవకపోతే ఆయన కార్యక్రమం పోతుంది. ఆ సంగతి ఆయనకి నాకంటే బాగా తెలుసు.

నా చెయ్యి గాలిలోనే ఉంది. ఆ చేతిని కిందికి వదిలాను. మా భాషలో దానికి అర్థం 'మొదలుపెట్టు' అని.

భాయ్ మొదలుపెట్టాడు, గుసగుసగా.

"ఏం చూపియ్యాల్నమ్మా?"

టీచరమ్మ తెల్లబోయింది. ఒక్క క్షణమే. వెంటనే అందుకుని తనూ గుసగుసగా, "చీరలండీ" అంది.

"జెర మెల్లగ అడుగుండ్రి. చీరలు పండుకున్నయి."

బీరువా వైపు మునివేళ్ల మీద నడిచి, ఒక చీరని పసిపిల్లని తీసినట్టు తీశాడు. భుజాన వేసుకుని రెండు తట్లు తట్టాడు. మెల్లిగా పరుపు మీద పడుకోబెట్టి ఒక్కొక్క మడత విప్పాడు. ఆవిడ ఎర్రది కావాలంది. "ఎర్రది వద్దమ్మా. అది లేచిందంటె ఊకోదు, పక్కన పచ్చదాన్ని గూడ లేపుతది" అన్నాడు. ఆవిడ ధర అడిగింది. ఆయన చెవిలో చెప్పాడు. ఆవిడ కెవ్వుమనడానికి నోరు తెరిచింది. ఆయన చేతులు జోడించాడు. ఆవిడ చప్పుడు లేకుండా కెవ్వుమంది. అంత పెద్ద అరుపు, ఊపిరి కూడా వినపడకుండా. అక్కడి నుంచి బేరం, పోట్లాట, శాపనార్థాలు, అన్నీ గుసగుసల్లోనే. మధ్యలో గురక పెద్దదైనప్పుడల్లా ఇద్దరూ ఆగి, అది సర్దుకున్నాక మళ్లీ పోట్లాడేవాళ్లు.

కెమెరామన్ భుజాలు అదురుతున్నాయి. లైటింగ్ అతను నిచ్చెన మీద కూర్చుని చొక్కా అంచు నోట్లో కుక్కుకున్నాడు. నేను నాలుక కొరుక్కున్నాను, రక్తం రుచి తెలిసింది. నవ్వకూడని చోట నవ్వు ఆపుకోవడం ఎంత కష్టమో తెలియాలంటే, ప్రసంగం మధ్యలో పాస్టరుగారి కళ్లజోడు జారి పడినప్పుడు చర్చిలో కూర్చుని చూడండి. నా చెవిలో ప్రొడ్యూసర్ అరవడం ఎప్పుడో మానేశాడు. కాసేపటికి అక్కడి నుంచి ముక్కుతో ఎగబీలుస్తున్న చప్పుడు వినిపించింది. ఆయనా ఆపుకోలేకపోతున్నాడు.

స్కిట్ చివర చీరలన్నీ భాయ్ మీద పడాలి. ఆయన అలా చెయ్యలేదు. విప్పిన చీరల్లోంచి ఒక దళసరి నేత చీర తీసుకుని సెట్ మెట్టు దిగాడు. చెప్పకుండానే కెమెరామన్ ఆయన వెంట తిరిగాడు. చలికి ముడుచుకున్న ముసలమ్మ మీద ఆ చీర కప్పాడు. ఆమె కళ్లు సగం తెరిచింది.

"ఏమైంది నాయినా?"

"ఏం కాలేదమ్మా. దుకాణం బంద్ చేస్తున్నం. నువ్వు పండుకో."

ఆమె మళ్లీ కళ్లు మూసుకుంది. రికార్డింగ్ అయిపోయింది. మేమెవరం చప్పట్లు కొట్టలేదు, కొడితే లేస్తారని. ఒక్కొక్కరం మెల్లిగా బయటికి వచ్చి, వరండాలో గోడకి ఆనుకుని, అప్పుడు నవ్వాం. నేను ఏడ్చాను కూడా. రెండూ ఒకేసారి ఎలా వస్తాయో ఆ రోజు తెలిసింది.

ఎడిటింగ్‌లో ప్రొడ్యూసర్ నవ్వుల టేపు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. "పైవాళ్లు అడుగుతారయ్యా. ఎక్కడో ఓ చోట వెయ్యి" అన్నాడు.

మా సౌండ్ ఇంజనీరు ఓల్డ్ సిటీ మనిషి, మితభాషి. వెనక్కి తిరగకుండానే అన్నాడు. "వెయ్యొచ్చు సార్. కాని నవ్వు పెడితే వాళ్లు లేస్తరు కదా."

ప్రొడ్యూసర్ టేపు జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆదివారం అది అలాగే ప్రసారమైంది. గుసగుసలు వినపడాలని మా అమ్మ టీవీకి ముఖం ఆనించి చూసింది. మర్నాడు ఉదయం నేనెక్కిన బస్సులో కండక్టర్ వంగి గుసగుసగా "టికెట్" అన్నాడు. బస్సంతా గొల్లున నవ్వింది. ఊరు చూసిందని అప్పుడు నమ్మకం కుదిరింది.

కానీ పైవాళ్లకి వెళ్లిన రిపోర్టులో ఉన్నది ఒకే ముక్క, ప్రేక్షకులు నిద్రపోయారని. వచ్చే వారం నుంచి నవ్వులు కలపాల్సిందేనని ఆర్డరొచ్చింది. ప్రొడ్యూసర్ స్వయంగా రెజిమెంటల్ బజార్‌కి వెళ్లి బతిమాలాడు. నేనూ వెంట వెళ్లాను. "బస్సులో జనం నవ్వారు భాయ్, నేను సాక్ష్యం చెబుతాను" అన్నాను.

"మాట మాటే చెల్లె. వాళ్లు నవ్వితెనే ఉంట అన్న, వాళ్లు నవ్వలే" అన్నాడు భాయ్. తర్వాత ప్రొడ్యూసర్ చెయ్యి పట్టుకుని, "మీ తప్పు లేదు సార్. ఆకలైనోళ్లకు బువ్వ పెట్టిండ్రు, అంతే" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. పైవాళ్ల మీద, కేబుల్ మీద, ఆఖరికి నిద్రపోయినవాళ్ల మీద కూడా. ఆదివారం భాయ్ కార్యక్రమం వచ్చే సమయంలో సినిమా పాటలు వెయ్యడం మొదలుపెట్టారు. అప్పట్లో మాకు టేపులు తక్కువ. పాతవాటి మీదే కొత్తవి రికార్డు చేసేవాళ్లం. చీరల దుకాణం మీద మామిడి తోటల్లో తేనెమంచు పురుగు గురించి ఒక కార్యక్రమం ఎక్కింది. స్టేషన్ స్కిట్ మీద ఏమెక్కిందో తెలియదు. మీ ఫోన్లలో ఎంత వెతికినా భాయ్ దొరకడు. ఆయన పోయి కూడా కొన్నేళ్లయింది. ఇప్పుడాయన ఉన్నది నాలాంటి ముసలివాళ్ల బుర్రల్లోనే, అవి కూడా ఎన్నాళ్లో.

భాయ్ కార్యక్రమం ఆగిన ఏడాది క్రిస్మస్‌కి మా చర్చిలో ప్రేమవిందు. టమాటాలు, ఉల్లిగడ్డలు టోకున తేవడానికి నన్ను బోయిన్‌పల్లి మార్కెట్‌కి తోలారు. బస్తాల మధ్య నుంచి ఎవరో చెయ్యి పట్టుకున్నారు. చూస్తే ఆ ముసలమ్మ.

"నువ్వు గా టీవీల చెవులకు డబ్బాలు పెట్టుకున్న బిడ్డవు గద? గా దుకాణం సారు మంచిగున్నడా?"

బాగున్నాడన్నాను. ఆమె చెయ్యి వదల్లేదు. ఆమె ముఖంలో ఏదో దిగులు.

"మేం నవ్వకపాయె, గందుకే ఆయన ఆట బంద్ పెట్టిండ్రంట గద. మార్కెట్ల అందరు అనుకుంటుండ్రు. నిజమేనా?"

కాదని అబద్ధం చెప్పబోయాను. చివరికి అవునన్నాను.

"నా తరఫున ఆయనకు ఒక మాట చెప్పు బిడ్డా" అంది. "లారీ వచ్చిందని మేస్త్రి లేపుతడు. ఇంటికి పోతె పోరగాళ్లు లేపుతరు. నా పెనిమిటి ఉన్నన్ని దినాలు తాగొచ్చి లేపె. పుట్టినకాడికెల్లి అందరు నన్ను లేపెటోళ్లే. పండుకోనిచ్చినోడు గా సారొక్కడే. మీదికెల్లి చీర గూడ కప్పిండు."

టమాటాలు చర్చిలో దింపించి, ఇంటికి కూడా వెళ్లకుండా రెజిమెంటల్ బజార్‌కి వెళ్లాను. భాయ్ పరుపు మీద కూర్చుని విప్పిన చీరలు మడతపెడుతున్నాడు. దుకాణంలో పండగ గిరాకీ. నిలబడే ఆయనకి చెప్పాను, ఆమె చెప్పినది చెప్పినట్టు. మడతపెడుతున్న చేతులు ఆగిపోయాయి.

"నిద్ర మంచిగ పట్టిందన్నదా?" అని అడిగాడు.

"పట్టింది భాయ్."

ఆయన కళ్లు నిండాయి. దాచుకోలేదు, తుడుచుకోలేదు. ఆగిన మడత పూర్తిచేసి అన్నాడు. "అయితే మన ప్రోగ్రాం మంచిగనే నడిచింది చెల్లె."

నా వెనక ఎవరో ఒకావిడ కూతురితో వచ్చి పరుపు అంచున కూర్చుంది. భాయ్ చేతిలోని చీర పక్కన పెట్టి ఆమె వైపు తిరిగాడు. చాలా మెల్లిగా, "ఏం చూపియ్యాల్నమ్మా?" అన్నాడు.

ఎందుకో ఆవిడ కూడా అటూ ఇటూ చూసి, ముందుకు వంగి, గుసగుసగానే చెప్పింది, పట్టుచీరలని.